నేస్తం అడిగిన పిల్ల

స్వర్ణ ఇంకా నిద్రపోతూనే ఉంది.

నిన్న మధ్యాహ్నం కిరండూలు బండి దిగి, అరకు స్టేషను నుంచి పసుపు పూల వలిసె చేలకు అడ్డంపడి నడిచి వచ్చిన పిల్ల, గడప లోపల కాలుపెట్టి "అమ్మా" అని ఒక్క మాట అని అక్కడే ఒరిగిపోయింది. సుక్రు కూతుర్ని ఎత్తి చాప మీద వేశాడు. అంతే. పొయ్యి వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. కోళ్లు లేచాయి. కొండ దిగిన మంచు వాకిట్లోకి వచ్చి కూర్చుంది. పిల్ల మాత్రం లేవలేదు.

నిద్రలో దాని కుడిచెయ్యి కదులుతోంది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. చేతిలో తాడు లేదు. ఆ తాడూ, దానికి కట్టిన ఉయ్యాలా కొండ కింద, శృంగవరపుకోటలో ఒక మేడ ఇంట్లో ఉన్నాయి.

రత్న ఆ చేతిని పట్టుకుంది. పట్టుకుంటే ఆగింది. వదిలితే మళ్లీ కదిలింది.

"గుంటకి దెయ్యం గానీ పట్టినాదేటే?" అంది పొయ్యి దగ్గర్నుంచి యర్రమ్మ. రత్నకి తల్లి.

"దెయ్యం కాదమ్మా. మా నేస్తం కొడుకు. నిద్దట్లో కూడా ఆడినే ఊపుతున్నాది."

 యర్రమ్మ చోడంబలి కుండలో గరిటె తిప్పింది. ఆ ఇంట్లో నిన్నటి నుంచీ అందరూ గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారు. పిల్ల లేస్తుందని కాదు, లేచి ఏం చెబుతుందోనని.

అప్పుడు సుక్రు వచ్చాడు. కాఫీ తోట పైన బండరాయి ఎక్కితే తప్ప ఆ ఊళ్లో ఫోను పలకదు. అక్కణ్ణుంచే వస్తున్నాడు. తల నిండా మంచు.

"ఘాటీలో టైడా దాటీసినారంట," అన్నాడు.

"ఎవలు?"

"ఎవలేటి? నీ నేస్తమే. కారులో వత్తన్నాది. గుంటని లేపు. మొకం కడుగు, తల దువ్వు. బేగి."

"ఎందుకు?"

"ఎందుకంటావేటే? తీసుకెల్లడానికే కదా వత్తన్నాది!"

రత్న లేవలేదు. "సిన్నగా మాటాడు. తొంగున్నాది."

"కారు కిందకి వచ్చీసినాక కూడా ఇలాగే కూకుంటావేటి?"

"కూకుంటాను."

సుక్రు చెడ్డవాడు కాడు. అది ముందే చెప్పాలి, లేకపోతే మీరు తొందరపడి తిట్టుకుంటారు. నిన్న కూతుర్ని ఎత్తినప్పుడు దాని బరువు చూసి గోడ వైపు తిరిగి ఏడ్చింది అతనే. కానీ మాట ఇచ్చిన మగాడు. కొండ మీద మాట ఇచ్చిన మగాడంత ఇరుకున పడ్డవాడు ఇంకొకడుండడు.

"నేస్తం అడిగినాది, మనం ఇచ్చినాం. ఇచ్చిన పిల్లని ఎనక్కి అట్టి పెట్టుకుంటే రేపు మనూళ్లో మొకం ఎలగ సూపించడం?" అన్నాడు.

"గుంట మొకం సూసినావా నువ్వు?"

సుక్రు చూడలేదు. గుమ్మంలోంచి బయటికి, ఏమీ కనిపించని మంచులోకి చూశాడు.

* * *

కొండ మీద నేస్తం అంటే స్నేహితురాలు కాదు. కింద వాళ్లకి ఈ సంగతి చెప్పి ఒప్పించడం నా వల్ల కాదుగానీ, చెప్పక తప్పదు.

రత్నా, గంగాభవానీ చిన్నపిల్లలప్పుడు, గంగాభవాని తండ్రి చింతపండూ పిప్పళ్లూ కొనడానికి వారం వారం డుంబ్రిగుడ సంతకి వచ్చేవాడు. వెంట కూతుర్ని తెచ్చేవాడు. బస్తాల చాటున ఇద్దరు పిల్లలూ జీళ్లు పంచుకు తినడం యర్రమ్మ చూసింది. ముచ్చటపడింది. ఇద్దర్నీ ఊరి దేవత జాకరమ్మ రాయి ముందు కూర్చోబెట్టి, ఒకరి చేత ఒకరి నోట్లో బియ్యం గింజలు పెట్టించి, నేస్తం కట్టించింది.

ఇక ఆ ముడి విప్పరానిది. ఒకరింట చావొస్తే ఇంకొకరింట మైల. ఒకరి తల్లి ఇంకొకరికి తల్లి, ఒకరి బిడ్డ ఇంకొకరికి బిడ్డ. నేస్తం నోరు తెరిచి ఏదైనా అడిగిందా, కాదనకూడదు. కాదంటే నేస్తం తెగుతుంది. తెగినవాళ్లకి దేవత ముందు పీట ఉండదు.

అధికారులు అడిగితే ససేమిరా అన్న కొండ ఇది. నేస్తం అడిగితే మాత్రం వెన్నలా కరిగిపోతుంది.

పోయిన ఏడు సంతలో గంగాభవాని నిండు చూలాలు. రత్న చెయ్యి పట్టుకుని, "నేస్తం, మీ స్వర్ణని నాకిచ్చీ. మా జయతో పాటే చదివిస్తాను. పుట్టబోయేవాణ్ణి ఎత్తుకుంటూ సరదాగా ఉంటుంది" అంది. ఆలోచించకుండానే రత్న "నీ పిల్లే కదా, తీసుకెల్లు" అనేసింది. అలా అనడమే మర్యాద. ఇంటికొచ్చి పిల్ల బట్టలు మూటగడుతుంటేగానీ తను ఏం అన్నదో తనకే తెలియలేదు.

మరో ముచ్చట. ఈ ఊళ్లో ఎవరైనా పిల్లని పనికి పంపారా అని ఇంటింటికీ వెళ్లి అడగండి. ఒక్కరూ పంపలేదు. పక్కింటి బేబి తన మేనమామ నేస్తం ఇంట్లో ఉంది. ఆ పై ఇంటి పిల్ల విజయనగరంలో పెద్దమ్మగారింట్లో ఉంది. ఎవరికి పెద్దమ్మో, ఏ వరసన పెద్దమ్మో అడక్కండి. అందరూ చుట్టాలింటికే వెళ్లారు. బాలకార్మికుల సర్వేకి వచ్చినవాళ్లు కూడా అదే రాసుకుని, టీ తాగి కొండ దిగిపోతారు.

* * *

చిట్టెమ్మ వచ్చేసరికి మంచు కొంచెం పలచబడింది. వాకిలి అవతల వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు మెల్లిగా తేలుతున్నాయి. చిట్టెమ్మ ఆ ఊరి ఆడవాళ్ల సంఘానికి పెద్ద. నోరు కూడా పెద్దదే. కానీ చాప మీద పిల్లని చూడగానే ఆ నోరు గుసగుసలోకి దిగింది.

"ఇది మన సొర్నేనేటి?" అంది.

"అదే పిన్నీ."

చిట్టెమ్మ వంగి పిల్ల అరిచేతులు విప్పి చూసింది. సబ్బునీళ్లకి వేళ్ల సందులు ఒరిసిపోయి తెల్లగా పాలిపోయాయి. ఒక్కొక్క వేలూ ముట్టుకుని చూసి, మళ్లీ జాగ్రత్తగా మూసింది.

"ఫోను సేద్దాం. పిల్లల సాయం నంబరు పది తొంభై ఎనిమిదికి సేస్తే వత్తారు. పద్నాలుగేళ్లు నిండని పిల్లని పనికి పెట్టుకుంటే కేసే."

యర్రమ్మ గరిటె ఆగింది. "నేస్తం మీద కేసా? నీకు మతుందేటే సిట్టెమ్మా?"

"నీకుందేటి యర్రమ్మా, మతి? జాకరమ్మ ముందు బియ్యం తినిపించినావు. ఈ గుంటకి ఆ ఇంట్లో బువ్వ తినిపించినోలు ఎవలు?"

"తిన్నాది. మా నేస్తం బిడ్డ తిన్నదే ఇదీ తిన్నాదంట."

"అదే కదా సెప్తున్నాను! తిండి పెట్టీసినాం, బట్ట కట్టీసినాం, సుట్టమే కదా అంటారు. ఆల్లు పని అనరు, మనమూ పని అనం. పని అంటేనే కదా మానిపించడానికి! ముందు ఊరంతా కూకుని ఆ సుట్టరికం మాట మానీయాల. పనిని పని అనాల. అప్పుడే మన గుంటలు మన కొండ మీద ఉంటారు."

రత్న అంది: "నిజమే పిన్నీ. కానీ నేస్తం మీద పోలీసుల్ని పంపితే రేపు నాను సచ్చినా మోసీవోలు ఉండరు."

"అయితే పిల్లని పంపీ మరి."

"పంపను."

"మరేటి సేత్తావు?"

రత్న కూతురి కుడిచెయ్యి మళ్లీ పట్టుకుంది.  చిట్టెమ్మ అరుగు మీద కూలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, నెమ్మదిగా అంది. "గుంట వచ్చినాదని తెలీగానే అడిగినాను. ఆశ్రమ పాటశాల పెద్ద మేడం సోమవారం దాకా ఏడో తరగతిలో పేరుంచుతానన్నాది. అంతదాకా ఎలగోలాగ ఆపు తల్లీ. ఎవలైనా ఒక్కలు ఆపినారంటే, మిగతావోలకి ధైర్నం వత్తాది."

పగలే చీకటిగా ఉండే ఆ గదిలో స్వర్ణ ముఖం మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. నిద్రలో ఏదో అంటోంది. రత్న చెవి దగ్గరగా పెట్టింది.

"వచ్చేత్తన్నాను పిన్నీ... పాలు పెట్టీసేను..."

ఆ పిన్ని గంగాభవాని.

* * *

కారు మంచులోంచి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. ముందు కూతురు జయశ్రీ దిగింది, పెద్ద కళ్లద్దాలతో. తర్వాత చంకలో పిల్లాడితో గంగాభవాని. చేతిలో మాడుగుల హల్వా డబ్బా, ఒక కొత్త లంగా. డ్రైవరు కారు దగ్గరే ఉండిపోయాడు.

గంగాభవాని వస్తూనే రత్నని వాటేసుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. నటన అయితే మనకి ఎంత సుఖంగా ఉండేది!

"నా ప్రాణం పోయిందనుకో నేస్తం. చెప్పాపెట్టకుండా వచ్చీసింది. స్టేషనంతా వెతికించేను. ఆడపిల్ల, ఒక్కత్తీ రైలెక్కితే ఏటైనా అయితే నీకేటని చెప్పేదాన్ని?"

రత్న కూడా ఏడ్చింది. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని, సంతలో తప్పిపోయి దొరికిన పిల్లల్లా కాసేపు అలాగే నిలబడ్డారు. ఆ కాసేపు ఏ తగువూ లేదు. ఆ మంచులో ఎవరు మేడ ఇంటివాళ్లో, ఎవరు మట్టింటివాళ్లో కూడా తెలియలేదు.

తర్వాత అరుగు మీద కూర్చున్నారు. యర్రమ్మ కాఫీ ఇచ్చింది.

"దానికి నేనేం తక్కువ చేశాను అమ్మా, నువ్వు చెప్పు," అంది గంగాభవాని యర్రమ్మతో. "జయ తిన్నదే తింది. జయ కట్టిందే కట్టింది. ఒక్క దెబ్బ వేసి ఎరగను."

"కొట్టినావని ఎవలన్నారమ్మా," అన్నాడు సుక్రు.

రత్న అడిగింది: "జయ సదివిన బడిలోనే సదివినాదా?"

గంగాభవాని కాఫీ గ్లాసు కిందపెట్టింది. "బాబు పుట్టేడు కదా నేస్తం. నాకా ఒంట్లో బాగోలేదు. వచ్చే ఏడు వేద్దామనుకున్నాం."

"బడి వరకూ వచ్చేది పిన్నీ," అంది జయశ్రీ, ఎవరూ అడక్కుండానే. "నా బేగ్ మోసుకుని గేటు దాకా వచ్చేది. బెల్ కొడితే వెళ్లిపోయేది."

"నువ్వు ఊరుకోవే జయా."

 చిట్టెమ్మ ఏదో అనబోయింది. రత్న చేత్తో వద్దంది. పసుపు చేల మీద నుంచి గాలి వచ్చింది. చలికి కాబోలు, గంగాభవాని చంకలో పిల్లాడు ఏడుపు మొదలెట్టాడు.

ఇంట్లో చాప కదిలిన చప్పుడైంది.

స్వర్ణ గుమ్మంలోకి వచ్చింది. జుట్టు చెదిరిపోయి, లంగా ఒక పక్కకి జారిపోయి ఉంది. ఎవర్నీ చూడలేదు. అమ్మని, అమ్మమ్మని, నాన్నని దాటుకుంటూ తిన్నగా వచ్చి, గంగాభవాని చంకలోంచి పిల్లాణ్ణి తీసుకుని భుజాన వేసుకుంది. వాడు టక్కున ఊరుకున్నాడు.

"చూశావా నేస్తం, ఎంత ప్రేమో!" అంది గంగాభవాని. కళ్లు మళ్లీ తడిశాయి. "వాడికీ ఇదంటేనే ప్రాణం. నేనెత్తుకుంటే ఊరుకోడు. దీన్ని వదిలి నేనెలాగ వెళ్లను, చెప్పు?"

రత్న లేచి కూతురి దగ్గరికి వెళ్లింది. ముఖంలోకి చూసింది.

పిల్ల కళ్లు మూసుకునే ఉన్నాయి.

నిద్రలోనే లేచింది, నిద్రలోనే నడిచింది, నిద్రలోనే బిడ్డని ఎత్తుకుంది. గోడకి ఆనుకుని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి ఊగుతూ, ఇంకా నిద్రపోతూనే ఉంది.

రత్న అరవలేదు. కూతుర్ని రెండు చేతులతో పట్టి మెల్లిగా అరుగు మీద కూర్చోబెట్టింది. పిల్లాణ్ణి తీసి సుక్రు చేతికిచ్చింది. సుక్రు ఈసారి కూతురి ముఖం చూశాడు. చూసి, పెదవులు కొరుక్కున్నాడు.

"నేస్తం," అంది రత్న. "నానూ ఒకటి అడగాలనుకుంటన్నాను."

"అడుగు తల్లీ. నువ్వెప్పుడైనా ఏదైనా అడిగేవా?"

"నాకు నీ జయని ఇచ్చీ."

గంగాభవాని నవ్వింది. "ఏటి హాస్యం నేస్తం."

"హాస్యం కాదు. కాఫీ పళ్లు ఏరాల. మా అమ్మకి మోకాళ్లు పని సేయవు, ఊటబావి నుంచి నీళ్లు తేవాల. ఎప్పుడు లేపితే అప్పుడు లెగాల. నాను తిన్నదే పెడతాను. నాను కట్టిందే కట్టబెడతాను. ఒక్క దెబ్బ ఎయ్యను. వచ్చే ఏడు బడిలో ఎత్తాను."

నవ్వు ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియలేదు. గంగాభవాని ముఖంలో రంగు మారింది.

"అదేటి మాటే? అది చిన్నపిల్ల కదే!"

అన్నాక ఆ మాట తనకే వినిపించింది.  అరుగు మీద స్వర్ణ తల్లి ఒళ్లోకి ఒరిగి, గట్టిగా ఊపిరి తీసుకుంటోంది.

"స్వర్ణ నాకంటే చిన్నదమ్మా," అంది జయశ్రీ.

గంగాభవాని లేచింది. కోపమో సిగ్గో, చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను అవమానించడానికి అడిగేవు కదూ నేస్తం. నా కూతురు నీళ్లు మోస్తుందా! ఇలాగని తెలిస్తే వచ్చేదాన్నే కాదు. జయా, కారెక్కు. అన్నయ్యా, బాబుని ఇలాగ ఇవ్వండి."

పొయ్యి దగ్గర్నుంచి యర్రమ్మ బయటికొచ్చింది. ఇంతదాకా నేస్తం పక్షాన మాట్లాడిన మనిషి. గోడ పట్టుకుని నిలబడి, గంగాభవానిని కూతుర్ని చూసినట్టే చూసింది.

"అడిగినాక ఇయ్యాలమ్మా," అంది మెత్తగా. "ఇయ్యనంటే నేస్తం తెగిపోతాది. జాకరమ్మ ముందు మీ ఇద్దరి నోట్లో గింజలు పెట్టించినదాన్ని నానే. ఇది ఇచ్చినాది. మరి నువ్వేటంటావు?"

సుక్రు నోరెళ్లబెట్టాడు. చిట్టెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గంగాభవాని ఒక్కొక్కరి ముఖమూ చూసింది. చిన్ననాడు ఏ ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చేదో ఆ ఇల్లే ఇది. అమ్మా అని పిలిచిన మనిషే అడుగుతోంది. హల్వా డబ్బా చేతిలోకి తీసుకుంది, మళ్లీ అరుగు మీద పెట్టింది.  ఇయ్యనని అను నేస్తం, ఒక్కసారి ఇయ్యనని అను, అని రత్న లోపల్లోపల మొక్కుకుంది. తను అడిగిందే కాదనిపించుకోవడానికి. నేస్తం నోట ఆ మాట ఒక్కసారి వస్తే, తనూ అనవచ్చు. అప్పుడు ఈ కొండ మీద ఏ తల్లయినా అనవచ్చు.

జయశ్రీ కారు వైపు వెళ్లలేదు. బూట్లు విప్పింది. మేజోళ్లు కూడా తీసి వాటిలో కుక్కింది. ఆ మంచులో వట్టి కాళ్లతో నడిచి వచ్చి రత్న ముందు నిలబడింది.

"నేను ఉండిపోతాను పిన్నీ. నాకు నీళ్లు మొయ్యడం రాదు, నేర్చుకుంటాను. నేను ఉంటే స్వర్ణని తీసుకెళ్లరు కదా?"

"జయా!" అంది గంగాభవాని. 

పిల్ల తల్లి వైపు తిరగలేదు. రత్న ముఖంలోకే చూస్తోంది, జవాబు కోసం. కళ్లద్దాల మీద మంచు పట్టి లోపలి కళ్లు సరిగ్గా కనిపించడం లేదు. చలికి కాళ్లు వణుకుతున్నాయి.

రత్న ఆ వట్టి కాళ్ల వంక చూసింది. నేస్తం బిడ్డ అడుగుతోంది. తన బిడ్డని కాపాడతానంటోంది. ఊఁ అంటే చాలు, స్వర్ణ సోమవారానికి బడిలో ఉంటుంది. కానీ స్వర్ణ బదులు ఇంకో చిన్నపిల్ల నీళ్లు మోస్తుంది. కాదనవలసింది ఇప్పుడు గంగాభవాని కాదు, తనే.

ఒళ్లో నిద్రపోతున్న కూతురి తల మీద చెయ్యి ఉంచి, రత్న నోరు తెరిచింది.